మూర్ఛ ఎక్కడ పుడుతుంది? – మెదడు తరంగాల సాక్ష్యం

మూర్ఛవ్యాధిని ఎరుగని ఊరు ఉండదు. సంతలోనో, బస్సు స్టాండులోనో, తరగతి గదిలోనో అంతవరకు మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి మాట ఆపి, చూపు నిలిపి, నేలకూలుతాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాయి. నోట నురుగు వస్తుంది. చుట్టూ జనం మూగుతారు. ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి పిడికిట్లో పెడతారు. మరొకరు ఉల్లిగడ్డ వాసన చూపమంటారు. వేరొకరు గాలి సోకిందని నిర్ధారిస్తారు. రెండు మూడు నిమిషాలలో అంతా సద్దుమణుగుతుంది. ఆ మనిషి లేచి, ఏమి జరిగిందో తెలియక, చుట్టూ ఉన్నవారి ముఖాలు చూసి, సిగ్గుపడి వెళ్ళిపోతాడు. ఇంత కలకలంలోనూ ఎవరికీ తోచని ప్రశ్న ఒకటి ఉంది: ఈ మూర్ఛ ఎక్కడ మొదలైంది?

‘ఎక్కడ’ అంటే ఏ వీధిలో అని కాదు. మెదడులోని ఏ భాగంలో అని. వైద్యశాస్త్రం ఈ ప్రశ్న వేయడం నేర్చుకొని నూట యాభై ఏళ్ళు దాటినది. సమాధానం వెదకడానికి తగిన సాధనం, అనగా మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదుచేసే పద్ధతి, చేతికి వచ్చి నూరేళ్ళు అయినది. మందులకు లొంగని మూర్ఛతో బాధపడే రోగికి ఈ ప్రశ్నకు లభించే సమాధానమే వ్యాధి నుండి విముక్తికి దారి కావచ్చును. ఆ సమాధానాన్ని శాస్త్రజ్ఞులు ఎలా రాబడతారో, అందులో సామాన్యులమైన మన పాత్ర ఏమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు అనేకం, వ్యాధి ఒకటే

మనం మూర్ఛ అంటాము, ఫిట్స్ అంటాము. ఉర్దూలో మిర్గీ అంటారు. సంస్కృత వైద్యగ్రంథాలు దీనిని అపస్మారం అన్నాయి. స్మృతి తొలగిపోవడం అని ఆ మాటకు అర్థం. చరకసంహితలోని నిదానస్థానంలో ఒక అధ్యాయం పూర్తిగా దీనికే కేటాయించబడినది. నటరాజు పాదం క్రింద అణగి ఉన్న మరుగుజ్జు రూపానికి కూడా అపస్మారుడనే పేరు. యునానీ వైద్యంలో దీని పేరు సరఅ. నేలకు పడవేయడం అనే భావం నుండి పుట్టిన అరబ్బీ పదమిది. క్రీ.శ. 980 నుండి 1037 వరకు జీవించిన ఇబ్నె సీనా తన మహాగ్రంథం అల్ ఖానూన్‌లో సరఅను మెదడు వ్యాధులలో చేర్చి వివరించాడు. అంతకుముందే, సుమారు 2400 ఏళ్ళ క్రితం, గ్రీకు దేశంలో హిప్పొక్రటీసు సంప్రదాయానికి చెందిన ఒక గ్రంథం, ఈ వ్యాధి ఇతర వ్యాధులకంటె ఎక్కువ దైవికమైనదేమీ కాదని, దీనికి మూలం మెదడులోనే ఉన్నదని స్పష్టంగా చెప్పింది.

ఇంత పూర్వమే ఇంత తెలిసినా, మెదడంతటికీ కలిపి ఒకే నేరం మోపినట్లుగా ఉండేది ఆనాటి జ్ఞానం. నేరం జరిగిన గదిని చూపించడం ఇంకా ఎవరికీ చేతకాలేదు.

ఒక బొటనవ్రేలు చెప్పిన సంగతి

ఆ గది తలుపు మొదట తట్టినవాడు లండనులోని వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. ఆయన చేతిలో ఏ యంత్రమూ లేదు. ఉన్నది పరిశీలన ఒక్కటే. కొందరు రోగులలో మూర్ఛ ఒక చేతి బొటనవ్రేలి వణుకుతో మొదలై, అరచేతికి, మోచేతికి, భుజానికి, ముఖానికి వరుసగా ప్రాకడం ఆయన గమనించాడు. ఈ వరుస ఎప్పుడూ తారుమారు కాకపోవడం ఆయనను ఆలోచింపజేసింది. మెదడు ఉపరితలంలో బొటనవ్రేలికి, చేతికి, ముఖానికి ప్రక్కప్రక్కనే స్థానాలు ఉండి, అందులో ఒకచోట పుట్టిన అలజడి ప్రక్క స్థానాలకు వ్యాపిస్తే తప్ప ఇలా జరగదని ఆయన ఊహించాడు. 1870లో జర్మనీలో ఫ్రిట్‌ష్, హిట్‌జిగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్క మెదడులోని ఒక ప్రదేశాన్ని స్వల్పమైన విద్యుత్తుతో తాకగా, ఎదుటి ప్రక్క కాలు కదిలింది. జాక్సన్ ఊహకు బలమైన ఆధారం దొరికింది. 1873లో ఆయన మూర్ఛను నిర్వచిస్తూ, మెదడులోని బూడిదరంగు పదార్థంలో అప్పుడప్పుడు, అకస్మాత్తుగా, మితిమీరి, వేగంగా, ఒకచోట కలిగే శక్తి విడుదలే మూర్ఛ అని ప్రతిపాదించాడు.

ఈ నిర్వచనంలో ‘ఒకచోట’ అనే మాట చాలా విలువైనది. ఆ చోటును గుర్తించగలిగితే దానిని తొలగించవచ్చునేమో అనే ఆలోచన దాని వెంటనే వచ్చింది. 1886లో లండనులో విక్టర్ హార్స్‌లీ అనే శస్త్రవైద్యుడు, మూర్ఛ మొదలయ్యే తీరును బట్టి మెదడులో స్థానాన్ని నిర్ణయించి, తలకు దెబ్బ తగిలిన కారణంగా ఏర్పడిన మచ్చను తొలగించాడు. అప్పటికి ఎక్స్‌కిరణాలు కూడా కనుగొనబడలేదు. రోగి శరీరం మొదట ఏ అవయవంతో మాట్లాడిందో, దానినే నమ్ముకొని చేసిన పని అది.

మెదడు వ్రాసిన చేవ్రాలు

మెదడులో విద్యుత్తు ఉన్నదని 1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ ప్రకటించాడు. కుందేళ్ళ, కోతుల మెదడుపై రెండు తీగలు ఆనించి, వాటి మధ్య నడిచే అతి బలహీనమైన ప్రవాహాన్ని ఆయన సున్నితమైన పరికరంతో చూశాడు. పుర్రెను తెరవకుండా మనిషి మెదడు తరంగాలను నమోదుచేసిన కీర్తి జర్మనీలోని యేనా నగరానికి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్‌ది. 1924లో తొలి నమోదు చేసిన ఆయన, ఐదేళ్ళ పాటు తన ఫలితాలను తానే శంకిస్తూ మళ్ళీ మళ్ళీ పరీక్షించి, 1929లో గాని ప్రచురించలేదు. చాలామంది నమ్మలేదు. 1934లో ఇంగ్లండులో నోబెల్ బహుమతి గ్రహీత ఏడ్రియన్, ఆయన సహచరుడు మాథ్యూస్ అదే ఫలితాన్ని తిరిగి రాబట్టిన తరువాతనే లోకం బెర్గర్‌ను గుర్తించింది. ఈ నమోదుకే విద్యుత్ మస్తిష్క లేఖనమని, ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రామ్ అని పేరు, వాడుకలో ఇ.ఇ.జి. అంటారు.

బెర్గర్ గమనించిన మొదటి విశేషం ఏమనగా, మేలుకొని కళ్ళు మూసుకొన్న మనిషి తల వెనుక భాగంలో సెకనుకు 8 నుండి 13 సార్లు లేచి పడే క్రమబద్ధమైన తరంగాలు కనిపిస్తాయి. కళ్ళు తెరవగానే అవి అణగిపోతాయి. వీటిని ఆల్ఫా తరంగాలు అంటారు. ఇంతకంటె వేగమైనవి బీటా, సెకనుకు 4 నుండి 7 వరకు ఉండేవి థీటా, 4 కంటె తక్కువ ఉండేవి డెల్టా. గాఢనిద్రలో డెల్టా సహజం. మేలుకొన్న పెద్దవారిలో ఒకే చోట నిలిచి కనిపించే డెల్టా మాత్రం అక్కడ ఏదో లోపం ఉన్నదనడానికి సూచన. 1936లో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఇట్టి మందగమన తరంగాల ఆధారంగానే మెదడులోని కణితి స్థానాన్ని గుర్తించాడు.

మూర్ఛకు కూడా తనదైన చేవ్రాలు ఉన్నది. 1935లో అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనువారు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లల మెదడు నుండి, సెకనుకు 3 చొప్పున వచ్చే ముల్లు–అల జంటలను నమోదుచేశారు. ముల్లు అనగా సెకనులో పదునాలుగో వంతు కంటె తక్కువ కాలంలో నిటారుగా లేచి పడే తరంగం. ఈ జంటలు తలమీద అన్ని చోట్లా ఒకేసారి కనిపిస్తాయి. మరికొందరి లేఖనంలో ఈ ముల్లు ఒక కణత దగ్గరనో, నుదుటి ఒక ప్రక్కనో మాత్రమే కనిపిస్తుంది. మన ప్రశ్నకు సంబంధించినవారు ఈ రెండవ తరగతివారే.

కోటగోడ వెలుపల నిలబడి వినడం

పుర్రె లోపల జరిగేది పుర్రెపైన ఎలా తెలుస్తుంది? దేవరకొండ వాసులకు సులభంగా బోధపడే పోలిక ఒకటి చెప్పుకొందాము. మన కోట రాతిగోడ వెలుపల నిలబడి లోపలి సంగతి చెవులతో మాత్రమే తెలుసుకోవాలని అనుకోండి. లోపల ఒక మనిషి మాట్లాడితే మనకు వినిపించదు. వేయిమంది ఎవరికి వారు మాట్లాడుకొంటే అస్పష్టమైన గోల వినిపిస్తుంది. ఆ వేయిమంది ఒక్కసారిగా ఒకే నినాదం చేస్తే మాత్రం గోడ దాటి స్పష్టంగా వినిపిస్తుంది.

మెదడు పైపొరలోని నాడీకణాల స్థితి అటువంటిదే. ఒక కణంలో కలిగే విద్యుత్ మార్పు తలపైకి చేరదు. ప్రక్కప్రక్కనే నిలువుగా అమరి ఉన్న లక్షలాది కణాలలో ఒకేసారి మార్పు కలిగినపుడే దాని ప్రభావం ద్రవాన్ని, ఎముకను, చర్మాన్ని దాటి పైకి వస్తుంది. అలా వచ్చేది కూడ మైక్రోవోల్టులలోనే, అనగా వోల్టులో పదిలక్షల వంతులలోనే ఉంటుంది. సాధారణ తరంగాల పరిమాణం 10 నుండి 100 మైక్రోవోల్టులు. మన చేతిదీపంలోని బ్యాటరీ వోల్టున్నర అని తలచుకొంటే ఇది ఎంత స్వల్పమో తెలుస్తుంది. మూర్ఛకు మూలమైన ప్రదేశంలో జరిగేదేమనగా, తమ తమ పనులలో ఉండవలసిన కణాలు క్రమం తప్పి అన్నీ ఒక్కసారిగా నినాదం చేయడమే. అయినప్పటికీ మెదడు ఉపరితలంలో ఇంచుమించు 6 నుండి 10 చదరపు సెంటీమీటర్ల ప్రదేశం ఏకమైతే గాని తలపైన ముల్లు స్పష్టంగా కనిపించదని పరిశోధనలలో తేలింది.

గోడ వెలుపల ఒకడు నిలబడితే శబ్దం వచ్చిందని మాత్రమే చెప్పగలడు. గోడ పొడవునా ఇరవైమంది నిలబడితే, ఎవరికి గట్టిగా వినిపించిందో పోల్చి, ఏ బురుజు వైపు నుండి వచ్చిందో చెప్పవచ్చును. ఇ.ఇ.జి. లో ఈ ఇరవైమందే ఎలక్ట్రోడులు. 1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రకటించిన ‘10–20 పద్ధతి’ ప్రకారం వీటిని అమరుస్తారు. ముక్కు మొదలు నుండి తల వెనుక గుబ్బ వరకు, ఒక చెవి నుండి మరొక చెవి వరకు కొలిచి, ఆ దూరంలో నూటికి 10, 20 వంతుల చొప్పున స్థానాలు గుర్తిస్తారు. తల చిన్నదైనా పెద్దదైనా, హైదరాబాదులోనైనా ప్యారిస్‌లోనైనా, ఒక స్థానం పేరు చెప్పగానే అందరికీ మెదడులోని అదే భాగం తెలుస్తుంది. బేసి అంకెలు ఎడమకు, సరి అంకెలు కుడికి గుర్తులు.

ఎదురెదురు కలాలు

స్థాననిర్ణయంలోని కీలకాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. యంత్రం ఎప్పుడూ ఏ ఒక్క ఎలక్ట్రోడునూ ఒంటరిగా కొలవదు. రెండింటి మధ్య భేదాన్నే కొలుస్తుంది. ఎడమ నుదురు నుండి కణత మీదుగా తల వెనుకకు ఐదు ఎలక్ట్రోడులు వరుసగా ఉన్నాయని అనుకొందాము: ఎఫ్‌పి 1, ఎఫ్ 7, టి 3, టి 5, ఓ 1. (కొత్త నామకరణంలో టి 3ని టి 7 అని, టి 5ని పి 7 అని అంటారు.) ఒక ముల్లు లేచిన క్షణంలో వాటివద్ద విద్యుత్ స్థితి వరుసగా –20, –80, –50, –20, –10 మైక్రోవోల్టులు అనుకొందాము.

మొదటి జంట ఎఫ్‌పి 1, ఎఫ్ 7. –20 నుండి –80 తీసివేస్తే +60. రెండవ జంట ఎఫ్ 7, టి 3. –80 నుండి –50 తీసివేస్తే –30. మూడవ జంట టి 3, టి 5, భేదం –30. నాల్గవ జంట టి 5, ఓ 1, భేదం –10. ఇ.ఇ.జి. సంప్రదాయంలో రుణభేదం వస్తే కలం పైకి లేస్తుంది, ధనభేదం వస్తే క్రిందికి దిగుతుంది. కనుక మొదటి గీత క్రిందికి, దాని దిగువనున్న రెండవ గీత పైకి వంగి, ఒకదానివైపు ఒకటి చూపుతాయి. ఆ రెండు జంటలకూ ఉమ్మడిగా ఉన్నది ఎఫ్ 7. ముల్లు అక్కడే అత్యధికంగా ఉన్నది. ఇట్లు గీతలు ఎదురెదురుగా తిరగడాన్ని దశావ్యత్యయం అంటారు. పూర్వం కాగితంపై సిరా కలాలతో గీసినా, నేడు కంప్యూటరు తెరమీద చూసినా, వైద్యుని కన్ను మొదట వెదికేది దీనినే. ఈ లెక్కలోని ముల్లు ఎడమ కణత ముందు భాగానికి సంబంధించినది. పెద్దవారిలో మందులకు లొంగని మూర్ఛలు ఎక్కువగా పుట్టేది కణతభాగంలోనే.

అరగంటసేపు జరిగే సామాన్య పరీక్షలో రోగిచేత మూడు నిమిషాలపాటు గట్టిగా ఊపిరి తీయిస్తారు, కళ్ళ ముందు దీపాన్ని మినుకు మినుకుమనిపిస్తారు, వీలైతే నిద్రపుచ్చుతారు. అణగి ఉన్న ముల్లు ఈ సందర్భాలలో బయటపడే అవకాశం ఎక్కువ. ఈ పరీక్షవల్ల నొప్పి లేదు. శరీరంలోకి విద్యుత్తు పంపడం ఏమాత్రమూ లేదు. కరెంటు పెడతారనే భయంతో పరీక్షకు రానివారికి ఈ మాట తప్పక చెప్పాలి.

సాక్షి ఒక్కడు చాలడు

ఇంతటితో ప్రశ్న తీరిందని అనుకోరాదు. మొదటిసారి చేసిన పరీక్షలో మూర్ఛరోగులలో ఇంచుమించు సగంమందికి మాత్రమే ముల్లు కనిపిస్తుంది. లేఖనం మామూలుగా ఉన్నంతమాత్రాన మూర్ఛ లేదని కాదు. ఆరోగ్యవంతులలో కూడా వందకు ఒకరి కంటె తక్కువ మందికి ఇట్టి ముల్లు కనిపించవచ్చును. అంతమాత్రాన వారికి మూర్ఛవ్యాధి ఉన్నదని కాదు. మనిషిని చూసి వైద్యం చేయాలిగాని, కాగితాన్ని చూసి కాదు.

మరొక చిక్కు భౌతికశాస్త్రానిది. లోపలి విద్యుత్ ప్రవాహాల అమరిక వేర్వేరు విధాలుగా ఉన్నా, వెలుపల ఒకే రకమైన కొలతలు రావచ్చునని 1853లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ నిరూపించాడు. అనగా తలపైని కొలతలనుండి లోపలి మూలాన్ని గణితంతో రాబట్టబోతే ఒకటి కంటె ఎక్కువ జవాబులు వస్తాయి. పైగా కణతభాగం లోతుల్లో దాగిన హిప్పోకాంపస్ వంటి చోట పుట్టిన అలజడి పైపొరకు వ్యాపించేవరకు బయటివారికి తెలియనే తెలియదు. కోటగోడకు దగ్గరగా వినిపించిన నినాదం నిజానికి నడిబావి దగ్గర మొదలై ఉండవచ్చును.

ముల్లు కనిపించే చోటు వేరు, మూర్ఛ మొదలయ్యే చోటు వేరు, తొలగిస్తే మూర్ఛ ఆగే చోటు వేరు కావచ్చునని నేటి శాస్త్రం చెబుతుంది. అందుచేత శస్త్రచికిత్సను ఆలోచించేముందు రోగిని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి, తలకు ఎలక్ట్రోడులు, ఎదుట వీడియో కెమెరా అమర్చి, వైద్యుల పర్యవేక్షణలో మందులు తగ్గించి, మూర్ఛ వచ్చే క్షణం కొరకు వేచి ఉంటారు. శరీరంలో తొలి కదలిక, తరంగాలలో తొలి మార్పు ప్రక్కప్రక్కన పెట్టి చూస్తారు. ఎం.ఆర్.ఐ. చిత్రంలో ఆ చోటనే మచ్చగాని, కుంచించుకొనిపోవడంగాని ఉన్నదేమో చూస్తారు. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెబితే స్థానం నిశ్చయమవుతుంది. సాక్ష్యాలు కలవకపోతే పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి, సూదుల వంటి ఎలక్ట్రోడులను మెదడు లోతులకు పంపి వినవలసి ఉంటుంది. ప్యారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో తలైరాక్, బాంకో అనే వైద్యులు 1950ల చివర నుండి ఈ పద్ధతికి రూపమిచ్చారు.

స్థానం తెలిసిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ చోటు మరే పని చేస్తున్నది? కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగుల మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకుతూ, మాటకు, కదలికకు, జ్ఞాపకానికి సంబంధించిన చోట్లను గుర్తించాడు. తెలుగు, ఉర్దూ రెండూ ప్రతిధ్వనించే మన కళాశాలకు ఆసక్తికరమైన విషయం ఇక్కడ ఒకటి ఉంది. 1978లో అమెరికాలో ఓజెమన్, విటేకర్ అనువారు రెండు భాషలు తెలిసిన రోగులను ఇలా పరీక్షించగా, కొన్ని చోట్లను తాకినపుడు ఒక భాషలో మాత్రమే పేర్లు చెప్పలేకపోయారు, రెండవ భాష చెక్కుచెదరలేదు. కనుక ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే రోగిని రెండు భాషలలోనూ పరీక్షించడం మర్యాద కొరకు కాదు, అవసరం కొరకు.

మన దేశంలో, మన ప్రాంతంలో

ఈ విద్య మన దేశానికి త్వరగానే వచ్చింది. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన డాక్టర్ జేకబ్ చాందీ 1949లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో నాడీశస్త్ర విభాగాన్ని ఆరంభించాడు. 1952లో అక్కడ జరిగిన మూర్ఛ శస్త్రచికిత్స దేశంలో మొదటిది. రాయలసీమ తెలుగువారికి తరతరాలుగా పరిచితమైన ఆసుపత్రి అది. 1995 నుండి తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఈ చికిత్స క్రమబద్ధంగా సాగుతున్నది.

మన రాజధానిలోనూ కృషి జరిగింది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ జె.ఎం.కె. మూర్తి, ఆయన సహచరులు, ఒకచోట మొదలయ్యే మూర్ఛలకు కారణాలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రకటించారు. మెదడులో బద్దెపురుగు పిల్లదశ వల్ల ఏర్పడే పొక్కులు, స్కానింగులో కనిపించే ఒంటరి చిన్న మచ్చలు అందులో ప్రధాన కారణాలుగా తేలాయి. పందిమాంసం తినేవారికే ఇది వస్తుందని చాలామంది భ్రమ. వాస్తవానికి బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు నీటిద్వారా, పచ్చి కూరగాయల ద్వారా, కడగని చేతుల ద్వారా కడుపులోకి చేరితే చాలు. పందిమాంసం ముట్టని ముస్లింకూ, శాకాహారికీ కూడ ఇది రాగలదు. మరుగుదొడ్డి, సబ్బు, కడిగిన కూరగాయలు కూడా మూర్ఛకు మందులేనని దీనివలన గ్రహించాలి. ఇటీవలి దశాబ్దాలలో సికింద్రాబాదులోని కృష్ణా వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సీతా జయలక్ష్మి, డాక్టర్ మానస్ పాణిగ్రాహి బృందం వీడియో ఇ.ఇ.జి. ద్వారా స్థానం నిర్ణయించి చేసిన శస్త్రచికిత్సల ఫలితాలను వైద్య పత్రికలలో ప్రకటించినది. అనగా దేవరకొండ నుండి ఒక్క పూట బస్సు ప్రయాణంలో ఈ విద్య అందుబాటులో ఉన్నది.

దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వేయిమందికి సుమారు ఐదుగురికి మూర్ఛవ్యాధి ఉన్నదని 1999లో లెక్క తేలింది. ఆ లెక్కన ముప్పైవేల జనాభాగల పట్టణంలో నూట యాభైమంది ఉంటారు. వారిలో మూడింట రెండు వంతులమందికి మందులతోనే మూర్ఛలు అదుపులోకి వస్తాయి. మిగిలిన ఒక వంతులో స్థానం స్పష్టంగా తెలిసినవారికి శస్త్రచికిత్స చేయవచ్చును. ఫలితం ఎంత? 2001లో కెనడాలో ప్రకటించిన పరిశోధనలో కణతభాగపు మూర్ఛగల 80 మందిని రెండు సమభాగాలుగా చేసి, ఒక భాగానికి శస్త్రచికిత్స, మరొక భాగానికి మందులు నిర్ణయించారు. ఏడాది తరువాత స్పృహను చెరిపే మూర్ఛలనుండి విముక్తులైనవారు మొదటి భాగంలో నూటికి 58, రెండవ భాగంలో 8. ఢిల్లీలో మన వైద్యులు 116 మంది పిల్లలు, కిశోరులపై ఇదే విధంగా చేసిన పరిశోధన 2017లో వెలువడింది. అందులో శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 77 మందికి, మందులు మాత్రమే వాడినవారిలో 7 మందికి ఏడాదిలో మూర్ఛలు పూర్తిగా ఆగాయి. శస్త్రచికిత్సలో ప్రమాదాలు లేవని కాదు. కొందరికి చేతికాళ్ళలో బలహీనత వంటి ఇబ్బందులు కలిగాయి. అందుచేతనే స్థాననిర్ణయానికి అంత ఓపిక, అంత జాగ్రత్త.

మనం చేయవలసినది

ఈ యంత్రాలన్నిటికంటె ముందు ఒక సాధనం ఉన్నది. అది జాక్సన్ చేతిలో ఉన్నదే: చూసే కన్ను. మూర్ఛ వచ్చినపుడు రోగికి తెలివి ఉండదు. వైద్యుడు ఎదుట ఉండడు. ఉండేది తల్లి, అన్న, మిత్రుడు, ప్రక్క బల్లమీది విద్యార్థి. మొదట ఏ చేయి కదిలింది? తల ఏ వైపుకు తిరిగింది? ముందుగా కడుపులో ఏదో లేచినట్లున్నదని, ఏదో వాసన వస్తున్నదని చెప్పాడా? పెదవులు చప్పరించాడా? తేరుకొన్నాక మాట ఎంతసేపటికి వచ్చింది? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు వ్రాసి ఉంచితే, కుటుంబంవారి సమ్మతితో చేతిలోని ఫోనులో ఆ దృశ్యాన్ని తీసి వైద్యునికి మాత్రమే చూపితే, ఎక్కడ వెదకాలో ఇ.ఇ.జి. గదికి చేరకముందే సగం తెలుస్తుంది.

ఆ సమయంలో చేయవలసినది స్వల్పమే. రోగిని ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టాలి, తలక్రింద మెత్తనిది ఉంచాలి, మెడ దగ్గర బిగువు సడలించాలి, గడియారం చూడాలి. నోట్లో చెంచాగాని, నీరుగాని పెట్టరాదు. చేతులు కాళ్ళు అదిమిపట్టరాదు. తాళంచెవులవల్ల మూర్ఛ ఆగదు. అది తన సమయానికి తానే ఆగుతుంది. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. వైద్యుడు చెప్పకుండా మందులు మానరాదు. సరిగా ఎంచిన రెండు మందులు సరిగా వాడినా మూర్ఛలు ఆగకపోతే, ఏళ్ళ తరబడి వేచి ఉండక, స్థాననిర్ణయం చేయగల పెద్ద కేంద్రానికి పంపమని అడగాలి. అది రోగి హక్కు.

చివరిగా ఒక మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోను, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోను మూర్ఛను పిచ్చితో జతచేసి వివాహానికి ఆటంకంగా పేర్కొన్న మాటలు ఉండేవి. 1999లో పార్లమెంటు వాటిని తొలగించింది. చట్టంలోనుండి తొలగిన మాట మన పెళ్ళిచూపుల నుండి, మన ఇరుగుపొరుగు మాటలనుండి ఇంకా పూర్తిగా తొలగలేదు. ఆ భయంతోనే ఆడపిల్లల మూర్ఛను దాచిపెట్టి, వైద్యం మాన్పించే తల్లిదండ్రులు ఉన్నారు. దాచిన మూర్ఛకు స్థానం వెదికేవారు ఉండరు. విద్యార్థి మిత్రులారా, మనలో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే సిగ్గుపడవలసినది లేదు. మన ప్రక్కవారికి ఉంటే జాలిపడి ఊరుకోవలసినది కాదు. వారు పడిపోయినపుడు తాళంచెవులు వెదకక, మొదట ఏ వ్రేలు కదిలిందో చూడండి. దానిని గుర్తుంచుకొని వైద్యునికి చెప్పండి.